మాట తీసుకోవడం

అనువాదాలు మొదలుపెట్టిన కొత్తలో ఒక ఇంగ్లీషు కథ చేతికొచ్చింది. రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చిన భర్త, ఆఫీసులో పని తెమల్లేదంటాడు. భార్య ‘ఐ విల్ టేక్ యువర్ వర్డ్ ఫర్ ఇట్’ అని వంటింట్లోకి వెళ్లిపోతుంది. ‘మీ మాట మీద నాకు నమ్మకముందండీ’ అని రాసి పేజీ తిప్పేశాను. అచ్చయ్యాక చదువుకుంటే ఆ భార్య ఎవరో వేరే మనిషిలా ఉంది. ఆమె అన్నది ‘మీరంటున్నారుగా, సరే’ అని. నిజమో కాదో తేల్చుకునే దారి నా దగ్గర లేదు, భారం మీదే అని. గొంతును బట్టి అందులో అనుమానమూ పలుకుతుంది. ఆ అనుమానాన్ని నేను తుడిచేశాను. దానితో కథే మారిపోయింది.

అప్పట్నుంచి ‘వర్డ్’ కనబడితే ఆగుతాను. ‘టేక్ మై వర్డ్ ఫర్ ఇట్’తో చిక్కు లేదు. చెప్పేవాడు పూచీ పడుతున్నాడు. ‘నా మాట నమ్ము’ చాలు. ‘టేక్ హిమ్ ఎట్ హిజ్ వర్డ్’ అలా లొంగదు. ‘ఆయన మాట తీసుకున్నాడు’ అని రాస్తే తెలుగులో అర్థం తిరగబడుతుంది. మనకు మాట తీసుకోవడమంటే అవతలివాడి చేత ఒట్టు పెట్టించుకోవడం. ఇంగ్లీషులో ఒట్టుతో పని లేదు. అన్నదాన్ని అన్నట్టే పట్టుకుని దాని మీద అడుగు వేయడమది. ‘రేపట్నుంచి పన్లోకి రాను’ అని కోపంలో అన్నవాడి చోటులో యజమాని మర్నాడే ఇంకొకర్ని పెట్టుకున్నా అదే నుడికారం. బిడ్డకు పాలిచ్చి తిరిగొస్తానన్న ఆవును పులి వదిలిపెట్టినా అదే. అనంతామాత్యుడి భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదం తలచుకుంటే ఈ నుడికారం నాకు పూర్తిగా అర్థమవుతుంది. మనం ఎప్పుడూ ఆవునే పొగుడుతాం. ఎదుట ఉన్న ఆహారాన్ని ఒక్క మాట మీద వదులుకున్న పులి సంగతి ఎవరూ ఎత్తరు.

మాట మీద వ్యాపారం నడిచిన చోటు లండన్ స్టాక్ ఎక్స్ఛేంజి. నా మాటే నా ఒప్పందమని దాని లాటిన్ నినాదం. ‘మై వర్డ్ ఈజ్ మై బాండ్’ అని ఇంగ్లీషులో చెప్పేది దాన్నే. అక్కడ నోటితో బేరం కుదిరేది, ఇద్దరూ ఎవరి పుస్తకంలో వాళ్లు రాసుకునేవారు, గుమాస్తాలు తర్వాత సరిచూసేవారు. 1986 అక్టోబరు 27న అమల్లోకి వచ్చిన మార్పుల తర్వాత ఆ బేరాలు తెరల మీదికి వెళ్లిపోయాయి. అదే ఊళ్లో 1660లో పుట్టిన రాయల్ సొసైటీది సరిగ్గా ఎదురు నినాదం: ఎవరి మాటా ఊరికే నమ్మవద్దు, ప్రయోగంతో తేల్చుకో. ఎక్స్ఛేంజి నినాదంలో ‘బాండ్’ అన్న చోట ‘పత్రం’ అని రాస్తే ప్రాణం పోతుంది, ఎందుకంటే అక్కడ పత్రమే లేదు. ‘మాటంటే మాటే’ అని రాస్తాను. రెవిన్యూ స్టాంపు అంటించిన ప్రామిసరీ నోటు లేకుండా అప్పిచ్చే మనిషి మన ఊళ్లలో అనేది అదే.

ఆ పాత కథ ఇప్పుడు పుస్తకంలోకి వెళుతోంది. నిన్న ప్రూఫులు దిద్దుతూ భార్య మాట మార్చాను. ‘మీరంటున్నారుగా, సరే.’ ‘అండీ’ కూడా తీసేశాను.