గొంతు కన్నా ముందు మనసు

పుష్య బహుళ పంచమికి దగ్గరగా వచ్చిన ఒక శుక్రవారం, సెలవు రోజున, సాల్మియాలో త్యాగరాజ ఆరాధన జరుపుకొన్నాం. మన పిల్లలు ఘనరాగ పంచరత్నాలలోని గౌళ, ఆరభి రాగ కీర్తనలు పాడారు. శ్రుతి కలిసింది. తాళం ఎక్కడా తప్పలేదు. అందరితోపాటు మేమూ సంతోషంగా చప్పట్లు కొట్టాం. ఇంటికి తిరిగి వస్తుంటే మాత్రం ఒక ప్రశ్న మమ్మల్ని వదలలేదు. రెండు కీర్తనలూ ఒక్కలాగే ఎందుకు వినిపించాయి?

రెండింటికీ ఆదితాళమే. భావం మాత్రం ఒకటి కాదు. గౌళలో త్యాగరాజస్వామి (1767–1847) తన దోషాలను తానే ఎంచుకొంటూ, ఇటువంటివాణ్ణి కాపాడే ప్రభువు ఎవరని కుమిలిపోతారు. ఆరభిలో ఆయనే తన మనసును పిలిచి, స్వామి తన పంతం నెగ్గించుకొన్నాడని చనువుగా నిష్ఠూరమాడతారు. మొదటిది తలవంచుకొని చెప్పుకొనే మాట. రెండవది అలుగుతూనే మురిసిపోయే మాట. మన పిల్లలు రెండింటినీ ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పారు.

తప్పు పిల్లలది కాదు. మనం వారి చేతికిచ్చింది ఇంగ్లీషు అక్షరాలలో రాసిన సాహిత్యం, ఫోనులో ఒక రికార్డు. వేదిక ఎక్కేముందు మనం చెప్పేవీ హెచ్చరికలే: తాళం చూసుకో, మాట మరిచిపోకు, భయపడకు. భయపడవద్దన్నంత మాత్రాన భయం పోదు. మనసు నిలవడానికి ఒక చోటు చూపితే భయానికి చోటు తగ్గుతుంది. ఆ చోటు పాటలోని భావమే.

ముందు స్వరం కుదరాలి, భావం తరువాత దానంతట అదే వస్తుందని సంగీతజ్ఞులు కొందరు అంటారు. శ్రుతి లేనిచోట భావం నిలవదన్న మాట నిజమే. కాని అలక, పశ్చాత్తాపం పదేళ్ల పిల్లలకు తెలియనివి కావు. తమ్ముడి బొమ్మ విరగ్గొట్టి, ఆ తరువాత మూల కూర్చున్న పిల్లకు గౌళ కీర్తనలోని మనసు అందుతుంది. ఆ దారి చూపడమే మన పని.

అందుకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. రాగం పక్కనపెట్టి, సాహిత్యాన్ని మాటల్లా చదివించాలి. ఈ మాటలు ఎవరివి, ఎవరితో అంటున్నారు, ఎందుకు అంటున్నారు అని అడగాలి. జవాబు పిల్లల నోటనే రావాలి. పాడేముందు ఒక్క నిమిషం కళ్లు మూసుకొని ఆ దృశ్యాన్ని తలచుకోమనాలి.

మా ఇంటి పాప అన్నమయ్య (1408–1503) లాలిపాటను మైకు ముందు పాడినట్టు గొంతెత్తి పాడేది. కువైట్‌లోని తెలుగువారిలో ఎందరిదో రాజంపేట, కడప సీమ. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక రాజంపేటకు దగ్గరే. ఆ వైపే ఉన్న నానమ్మకు ఫోను చేసి, ఉయ్యాల ఊపుతూ ఎలా పాడతారో చెప్పమన్నాం. ఆమె పాడి వినిపించి, "బిడ్డ లేస్తాడమ్మా, మెల్లగా" అంది. అంతే, పాప గొంతు దానంతట అదే దిగింది. గమకం ఒక్కటీ మారలేదు. పాట మారింది.

ఇక్కడ పెరిగే పిల్లలు నలుగురి ముందు పలికే తెలుగులో పెద్ద పాలు ఈ కీర్తనలదే. అవి అర్థం లేని ధ్వనులుగా మిగిలితే, పాట నోట నిలిచినా భాష చేజారుతుంది. వచ్చే ఆరాధనలో ఒక కీర్తన తగ్గినా ఫరవాలేదు. కీర్తనకూ కీర్తనకూ నడుమ ఒక్క నిమిషం మౌనం ఉండనిద్దాం. మన చప్పట్లు ఆ నిమిషం ఆగితే, పిల్లల మనసు గౌళ నుండి ఆరభికి నడిచి వస్తుంది.