గోడమీద గోడ: కాంక్రీటు కట్టడాల ఛాయాచిత్రాలపై ఒక విమర్శ

ఇంతకుముందు పాఠాలలో మీరు కవితను, కథను, చలనచిత్రాన్ని విమర్శకుని దృష్టితో చూడడం నేర్చుకున్నారు. ఈ పాఠంలో ఇంటి గోడకు వేలాడే ఒక పటాన్ని అదే దృష్టితో చూద్దాం. పటం అనగానే రవివర్మ చిత్రమో, దేవుళ్ల క్యాలెండరో మీకు గుర్తుకు రావచ్చు. మనం తీసుకున్నది అవి కావు. పూత లేని, రంగు వేయని కాంక్రీటు భవనాల నలుపు తెలుపు ఫొటోలు. కొన్నేళ్లుగా ఇవి ఫ్రేము కట్టి అమ్మే కళాఖండాలయ్యాయి. వీటిలో ఎక్కువ భాగం 'బ్రూటలిజం' అనే వాస్తుశైలికి చెందిన కట్టడాలవి. వీటిని ఇష్టపడేవారు ఎందుకు ఇష్టపడుతున్నారు, ఆ ఇష్టంలో కంటికి దొరికిందేమిటి, కంటికి దొరక్కుండా పోయిందేమిటి అన్నది మన ప్రశ్న.

నాచారంలో మా ఇంటికి రెండు వీధుల అవతల నా పూర్వ విద్యార్థి ఒకతను ఫ్లాటు కొనుక్కున్నాడు. గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లాను. హాల్లో సోఫాకు పైన, తెల్లటి పుట్టీ గోడమీద మూడడుగుల పటం ఒకటి ఉంది. బూడిదరంగు కాంక్రీటు కట్టడం, దాదాపు నల్లటి ఆకాశం, ఒక్క మనిషి కూడా లేడు. ఆన్‌లైన్‌లో తెప్పించాడట. ఏ భవనమో అతనికి తెలియదు. పటం వెనుక కొలతలూ ధరా తప్ప ఇంకేమీ లేవు. నేను చూడగానే గుర్తుపట్టాను. చండీగఢ్ శాసనసభా భవనం ముందున్న, పైకి వంపు తిరిగిన పెద్ద పంచ అది. దాన్ని రూపొందించిన లె కార్బూజియే గురించి నేను ఉపన్యాసం మొదలుపెట్టేలోగా అతని తల్లి వంటింట్లోంచి వచ్చింది. "సారూ, మీరన్నా అడుగుండ్రి. గోడ మీద గోడ బొమ్మ పెట్టుకునుడేంది?" అన్నది.

ఆమెది పాలమూరు. పెళ్లయిన కొత్తలో భర్తతోపాటు నగరానికి వచ్చి చాలా ఏళ్లు స్లాబు పనుల్లో తట్ట మోసిందట. పటం దగ్గరికి వెళ్లి మళ్లీ చూసి, "సెంట్రింగ్ ఇప్పినంక ప్లాస్టరింగ్ చెయ్యకుంట ఇడిసినట్టున్నది. చెక్కల గీతలు గూడ కనవడ్తున్నయ్" అన్నది.

ఈ పాఠం అంతా ఆ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది. మొదటిది అభిరుచి గురించిన ప్రశ్న. రెండవది, ఆమెకు తెలియకుండానే, బ్రూటలిజానికి చెప్పిన నిర్వచనం.

పేరులో ఉన్న చిక్కు

బ్రూటలిజం అనే మాట వినగానే విద్యార్థులు క్రూరత్వం అనే అర్థం తీస్తారు. పరీక్షల్లో కూడా అలాగే రాస్తారు. ఆ మాటకు ప్రధానమైన ఆధారం ఫ్రెంచిలోని 'బెతాన్ బ్రూట్', అంటే పచ్చి కాంక్రీటు, మెరుగు పెట్టని కాంక్రీటు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఉక్కు కరువైన రోజుల్లో ఫ్రాన్సులోని మార్సేలో లె కార్బూజియే ఒక పెద్ద నివాస భవనం కట్టాడు. 1947లో మొదలై 1952లో పూర్తయింది. పనివాళ్లు బిగించిన చెక్కపలకల మధ్య కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాక పలకలు ఊడదీస్తే చెక్క నరాలు, కణుపులు, పలకల అతుకులు కాంక్రీటు మీద అచ్చుపడ్డాయి. అక్కడక్కడ పని నాసిగా కూడా ఉంది. వాటిని కప్పివేయకుండా అలాగే ఉంచాలని ఆయన నిర్ణయించాడు. పోసిన చేతుల గుర్తు గోడమీద మిగలడం ఒక విలువ అయింది. నాచారంలో ఆ తల్లి చూసిన చెక్కల గీతలు ఇవే.

1955లో బ్రిటిష్ విమర్శకుడు రేనర్ బాన్‌హమ్ ఈ ధోరణిపై ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. కట్టడపు అస్థిపంజరం దాచకుండా కనబడాలి, సామగ్రి ఉన్నది ఉన్నట్లుగా ఉండాలి అన్న రెండు లక్షణాలతోపాటు ఆయన ఇంకొకటి చేర్చాడు. భవనం ఒక బింబంగా, చూసినవారికి మరపురాని బొమ్మగా నిలవాలన్నది ఆ మూడో లక్షణం. 1966లో వచ్చిన ఆయన పుస్తకానికి ఉపశీర్షికే ఒక ప్రశ్న: ఇది నీతియా, సౌందర్యమా? విద్యార్థులు దీనిని బాగా గుర్తుంచుకోవాలి. కాంక్రీటు భవనం గోడమీద బొమ్మగా మారడం మన కాలపు వికారం అని కొందరు అంటారు. కానీ బొమ్మ అయ్యే గుణాన్ని ఆ శైలి గురించి రాసినవారు మొదట్లోనే గుర్తించారు. వాస్తుశిల్పులకు కూడా అది తెలుసు. 1949లో లూసియాన్ ఎర్వే అనే ఫొటోగ్రాఫర్ నిర్మాణంలో ఉన్న మార్సే భవనాన్ని ఒక్కరోజులో 650 ఫొటోలు తీశాడు. అవి చూసిన లె కార్బూజియే ఆ తరువాత తన కట్టడాలను ఫొటో తీసే పని ఆయనకే అప్పగించాడు. చండీగఢ్‌ను ప్రపంచం ముందుగా చూసింది చాలావరకు ఎర్వే కంటితోనే.

ఫొటో ఏం చేస్తుంది

కాంక్రీటు ఫొటోలో బాగుండడానికి సాంకేతిక కారణాలున్నాయి. పొద్దుటి ఎండ గోడమీద ఏటవాలుగా పడినప్పుడు చెక్క గీతలన్నీ లేచి నిలబడతాయి. అదే గోడ మిట్టమధ్యాహ్నం చప్పగా ఉంటుంది. నలుపు తెలుపు ఫిల్ము తీసే రోజుల్లో కటకానికి ఎర్ర ఫిల్టరు తగిలిస్తే నీలాకాశం నల్లబడేది, బూడిద గోడ తెల్లగా వెలిగేది. ఇప్పుడు ఆ పని కంప్యూటరులో జరుగుతుంది. కింది నుంచి తీస్తే భవనం కొండలా పెరుగుతుంది. మనిషిని తీసేస్తే పరిమాణం తెలియదు. నాలుగంతస్తులది నలభై అంతస్తులదిగా తోస్తుంది. రంగు లేదు కనుక సోఫాతోనూ కర్టెన్లతోనూ పోట్లాడదు. రెండు పడకగదుల ఫ్లాటులో ఇది చిన్న సంగతి కాదు.

ఇవన్నీ నిజమైన ఆకర్షణలే. నేను వాటిని తక్కువ చేయను. వెలుతురు ఒక గరుకు తలం మీద ఎలా నడుస్తుందో చూడడం ఆనందం. అయితే ఆ ఆనందం కోసం ఫొటో వేటిని వదిలిపెట్టిందో లెక్క వేయడం విమర్శకుని పని. మన వానాకాలం తరువాత కాంక్రీటు మీద దిగే నల్లటి చారలు ఉండవు. ఏప్రిల్‌లో పగలంతా తాగిన వేడిని అర్ధరాత్రి దాకా గదిలోకి వదిలే స్లాబు ఉండదు. (మా ఇంటి స్లాబు రెండేళ్లకోసారి కారుతుంది. కాంక్రీటు సౌందర్యం గురించి రాస్తున్న ఈ గదిలోనే ఒక మూల బకెట్టు పెట్టి ఉంది.) క్యూరింగ్ కోసం నీళ్లు కొట్టినవారు ఉండరు. చండీగఢ్‌లో కాంక్రీటును ఎక్కువగా మనుషులే నెత్తిన మోశారు, వారిలో స్త్రీలు చాలామంది. మూడడుగుల పటంలో వారు లేరు. తరగతి గదిలో ఏళ్ల తరబడి అదే భవనం స్లైడు చూపించిన నేనూ వారి మాట ఒక్కసారైనా ఎత్తలేదని ఆ రోజు ఇంటికి నడుస్తూ అనుకున్నాను.

మన ఇళ్లలో ఇదివరకు 'సీనరీ'లు ఉండేవి. మంచు కొండ, చెక్క ఇల్లు, చెరువులో హంసలు. ఎక్కడిదో తెలియదు, తెలుసుకోనక్కరలేదు. మనం ఎప్పటికీ కాపురం చేయనవసరం లేని చోటు కనుకనే అది గోడమీద హాయిగా ఉండేది. ఊరూపేరూ లేని కాంక్రీటు పటం కూడా నా దృష్టిలో సీనరీయే. అభిరుచి మారిందని, చదువు పెరిగిందని అనుకుంటాం. గోడమీద బొమ్మ చేసే పని మాత్రం మారలేదు.

ఫొటోలో పట్టని కట్టడం

నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా కొద్ది కిలోమీటర్లు వెళ్తే ఈసీఐఎల్ వస్తుంది. ఆ సంస్థ కార్యాలయ సముదాయాన్ని 1965–68 మధ్య రూపొందించినవారు చార్ల్స్ కొరియా. ఆయన 1930లో సికింద్రాబాద్‌లో పుట్టినవారే. కొరియాను బ్రూటలిస్టు అనవచ్చునా అన్నది వాదన. నా మటుకు నేను అనను. ఎందుకంటే ఇక్కడ ఆయన బింబంతో మొదలుపెట్టలేదు, ఎండతో మొదలుపెట్టారు. పని గదులను చిన్న విభాగాలుగా చేసి నడిమి ఖాళీస్థలం చుట్టూ పేర్చారు, పైకప్పు మీద పందిరి వంటి చట్రం పరిచారు. మన పల్లెల్లో ఇంటి ముందు తాటాకు పందిరి చేసే పనినే అది పెద్ద ఎత్తున చేస్తుంది.

పుస్తకాల్లో ఈ కట్టడం ఫొటోలు మీకు దొరకవచ్చు. పందిరి నీడలు చారలు చారలుగా పడి అందంగానే ఉంటాయి. కానీ ఆ నీడలో ఎంత చల్లగా ఉంటుందో ఫొటో చెప్పలేదు. దానిని అర్థం చేసుకోవడానికి భవనాన్ని నిలువునా కోసి చూపే సెక్షన్ పటం ఫొటోకన్నా మేలు. అంతకన్నా మేలు ఏప్రిల్ మధ్యాహ్నం అక్కడ నిలబడడం. అణుశక్తి విభాగం కింది సంస్థ కావడంతో లోపలికి అందరినీ పంపరు. మన పక్కనే ఉన్న మంచి కట్టడాన్ని మనలో చాలామంది బొమ్మగానే ఎరుగుదుం. మంచి ఫొటో ఇవ్వని భవనం చెడ్డది కాదు, మంచి ఫొటో ఇచ్చిన భవనం మంచిదీ కాదు. సమాధాన పత్రాల్లో ఈ తేడా తరచుగా చెదిరిపోతుంది.

ఉప్పల్ స్తంభాలు

ఇప్పుడు ఉప్పల్ కూడలికి రండి. మన ప్రాంతంలో పూత లేని కాంక్రీటు ఎక్కువగా కనిపించేది భవనాల్లో కాదు, రోడ్డు మీద. 2017 నవంబరులో ప్రయాణికులకు తెరిచిన నాగోల్–మియాపూర్ మెట్రో మార్గంలో ఉప్పల్ స్టేషను ఒకటి. ఆ వంతెన ముక్కలను ఉప్పల్ యార్డులోనే ఇనుప అచ్చుల్లో పోతపోసి, తెచ్చి ఒకదానికొకటి బిగించారు. ఇనుప అచ్చు కనుక చెక్క గీత ఉండదు. నున్నటి తలం, సమాన దూరాల్లో సన్నని అతుకులు. మార్సేలో కనిపించిన చేతి గుర్తు ఇక్కడ లేదు. అదే కూడలి నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుంటే నారపల్లి వైపు ఎలివేటెడ్ కారిడార్ స్తంభాలు. 2018లో మొదలైన ఆ పని నడుమ ఆగిపోయి, ఏళ్ల తరబడి పైన దారి లేని స్తంభాలుగా నిలిచింది.

తెల్లవారుజామున మంచులో ఆ స్తంభాల వరసను ఎవరైనా నేర్పుగా ఫొటో తీస్తే, అమ్మకానికి వచ్చే ఏ బ్రూటలిస్టు పటానికీ తీసిపోదు. శిథిలమైన గుడి మండపంలా ఉంటుంది. దానిని ఉప్పల్‌లో ఎవరైనా హాల్లో పెట్టుకుంటారా? ఆ దుమ్ములో దుకాణం తెరిచి కూర్చున్నవారు, గుంతల్లో స్కూటరు నడిపినవారు పెట్టుకోరు. జర్మనీలోనో జపాన్‌లోనో ఒకరు పెట్టుకోవచ్చు. అక్కడి వారికి అది సీనరీ అవుతుంది. చండీగఢ్ పంచ మన నాచారం హాల్లో సీనరీ అయినట్లే.

అందుకని ఫొటోలే వద్దనడం నా వాదన కాదు. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లోని హాల్ ఆఫ్ నేషన్స్ ఉదాహరణ చూడండి. రాజ్ రేవల్ రూపకల్పన, మహేంద్ర రాజ్ ఇంజనీరింగ్. 1972 వాణిజ్య ప్రదర్శన కోసం కట్టింది. ఇతర దేశాల్లో ఉక్కు గొట్టాలతో చేసే త్రిభుజాల అల్లికను ఇక్కడ ఉక్కు ఖరీదు, కూలీల లభ్యత చూసి కాంక్రీటుతో చేతిపనిగా పోశారు. 2017 ఏప్రిల్‌లో ఒక రాత్రి దానిని కూల్చివేశారు. ఐదేళ్ల తరువాత న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం దక్షిణాసియా స్వాతంత్య్రానంతర వాస్తుపై ప్రదర్శన పెట్టినప్పుడు ఆ భవనానికి అందులో చోటు దక్కింది. ఢిల్లీ ఫొటోగ్రాఫర్ మదన్ మహట్టా అప్పట్లో ఆ తరం కట్టడాలను ఓపికగా ఫొటో తీసి ఉంచకపోతే, అవి ఎలా ఉండేవో తరువాతి వారు ఊహించుకోవలసి వచ్చేది. ఆ ఫొటోల కింద ఊరు, పేరు, సంవత్సరం ఉన్నాయి. సీనరీకీ సాక్ష్యానికీ మధ్య దూరం కొన్నిసార్లు ఆ చిన్న వివరమంతే. ఫొటో ఉంది కదా అని భవనాన్ని కూల్చడం తేలికైపోతుందేమోనన్న అనుమానం మాత్రం నన్ను వదలదు.

నా విద్యార్థి ఇంట్లో పటం ఇంకా అక్కడే ఉంది. ఈ మధ్య వెళ్లినప్పుడు అతను దాని కింద చిన్న కాగితం అంటించి ఉన్నాడు: చండీగఢ్, శాసనసభ. ఆ తల్లికి మాత్రం పటం నచ్చలేదు. "పేరు రాస్తే పూత పూసినట్టయితదా సారూ?" అని నవ్వింది.

అభ్యాసం: మీ ఊళ్లో పూత లేని కాంక్రీటు కట్టడం ఒకటి ఎంచుకోండి. పొద్దున ఏడింటికి మనుషులు లేకుండా ఒకటి, మధ్యాహ్నం రెండింటికి మనుషులతో ఒకటి, రెండు ఫొటోలు తీయండి, ఫోను చాలు. రెండింటిలో మీ గోడకు ఏది పెడతారో, ఎందుకో రెండు పుటలు మించకుండా రాయండి. ఉప్పల్ వైపు ఉన్నవారు రోడ్డు మధ్యకు వెళ్లకుండా కూడలిలోని స్కైవాక్ మీది నుంచి తీయాలి.