సగటు ఆటగాడు, మంచి మాస్టారు

ఆటగాడిగా పెద్దగా ఏమీ సాధించలేదు కాబట్టే ఫుట్‌బాల్ కోచ్ స్వెన్ యోరాన్ ఎరిక్సన్ మీద నాకు గురి కుదిరింది. స్వీడన్‌లో టోర్స్‌బీ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. కింది డివిజన్లలో రైట్ బ్యాక్‌గా ఆడి, మోకాలు దెబ్బతిని 27 ఏళ్లకే బూట్లు విప్పేశాడు. మధ్యలో వ్యాయామ విద్య చదివాడు. మన లెక్కన డ్రిల్లు మాస్టారన్నమాట.

ఆడే రోజుల్లో పరిచయమైన టోర్డ్ గ్రిప్, డెగర్‌ఫోర్స్ క్లబ్బుకు కోచ్ అయ్యాక ఎరిక్సన్‌ను సహాయకుడిగా పిలిచాడు. గ్రిప్ వెళ్లిపోగానే ఆ కుర్చీ ఎరిక్సన్‌కు దక్కింది. 1979లో గోథెన్‌బర్గ్ రమ్మంది. అంత పెద్ద క్లబ్బుకు ఈ అనామకుడేమిటని జనం అనుకుని ఉంటే తప్పేమీ లేదు.

అప్పటికే బాబ్ హౌటన్, రాయ్ హాడ్జ్‌సన్ అనే ఇద్దరు ఇంగ్లిష్ కోచ్‌లు స్వీడన్ ఆటను మార్చేస్తున్నారు. (ఈ హౌటనే చాలా ఏళ్ల తర్వాత మన భారత జట్టుకు కోచ్‌గా వచ్చాడు.) ఎరిక్సన్ వాళ్ల దారే పట్టాడు. వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు. బంతి పోగానే అందరూ కలిసి మీదపడాలి. ఒకడు కదిలితే పక్కవాడూ కదలాలి, మధ్యలో సందు మిగలకూడదు. చూసేవాళ్లకు ఇదంతా చప్పగా ఉందని అభిమానులు సణిగారు. నాకు మాత్రం ఇందులో ఆ పాత రైట్ బ్యాకే కనిపిస్తాడు. కాళ్లలో మాయ లేని డిఫెండర్‌కు బతుకుతెరువు ఒక్కటే, సరైన చోట నిలబడటం. తనకు తెలిసిన ఆ ఒక్క విద్యనే పదకొండు మందికీ నేర్పాడు.

1982 యూఈఎఫ్ఏ కప్ ఫైనల్లో ఎదురుపడింది ఆ ఏటి జర్మన్ చాంపియన్ హాంబర్గ్. గోథెన్‌బర్గ్ ఆటగాళ్లలో చాలామందికి ఫుట్‌బాల్‌తో పాటు వేరే ఉద్యోగాలుండేవి. సొంత మైదానంలో 1-0, హాంబర్గ్‌లో 3-0. స్వీడిష్ క్లబ్బు ఐరోపా స్థాయి కప్పు గెలవడం అదే మొదలు.

బెన్ఫికా, రోమా, ఫియోరెంటినా, సాంప్డోరియా దాటి 1997లో లాజియో చేరాడు. 1974 తర్వాత మళ్లీ ఆ క్లబ్బు ఇటలీ లీగ్ గెలిచింది 2000లో, ఆయన చేతి మీదుగానే. ఆ తర్వాత ఇంగ్లండ్ జట్టుకు తొలి విదేశీ మేనేజర్. అక్కడి పత్రికలు ఆయన ఇంటి గుట్టు మీద రాసినంత ఆట మీద రాయలేదు. ఆ గోల మనకెందుకు!

నన్ను ఆకట్టుకునేది ఆ లాజియో ఆటగాళ్ల జాబితా. మాన్చీనీ, సిమియోనే, సిమోనే ఇన్జాగీ, మిహైలోవిచ్, కొన్సెయిసావ్. అందరూ తర్వాత మేనేజర్లయ్యారు. మాన్చీనీ ఇంగ్లండ్‌లో, సిమియోనే స్పెయిన్‌లో, ఇన్జాగీ ఇటలీలో లీగులు గెలిచారు. మాస్టారి పనితనానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మన హైదరాబాద్ రహీం సాబ్ కూడా బడిపంతులే. 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో భారత్‌కు ఫుట్‌బాల్ స్వర్ణాలు తెచ్చిన జట్లకు ఆయనే కోచ్. ఆయనలాంటి మరో మాస్టారు ఎరిక్సన్ 2024 ఆగస్టులో కాన్సర్‌తో కన్నుమూశాడు.

పిల్లల్ని ఏ ఆటకైనా పంపే తల్లిదండ్రులకు ఒక మాట. గోడ మీది పతకాల ఫొటోలు చూసి చేర్చేయకండి. ఓ సాయంత్రం గట్టున కూర్చుని ప్రాక్టీసు చూడండి. ఆట ఆపి, పిల్లాడి భుజం పట్టుకుని సరైన చోట నిలబెట్టే మనిషి కనిపిస్తే అప్పుడు ఫీజు కట్టండి.