విడివడు ఊత

దక్షిణ అండమాను పడమటి తీరమున నున్న వండూరు, 1983లో నెలకొన్న మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానము వలన ఎంత ప్రసిద్ధికెక్కినను, అచ్చటికి పోవువారి చూపు పడవల రేవును, పగడపు దిబ్బలను దాటి పెరటి పాదులమీద నిలుచుట అరుదు. ఏటికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, అదియు నైరుతి, ఈశాన్య ఋతుపవనములు రెండును పంచుకొని కురియు ఆ నేలయందు, మట్టికి తగిలిన కాయ కుళ్లకుండుట దుర్లభము గనుక, కూరపాదును పైకెత్తి నిలుపుట సేద్యమునందు తొలి కార్యమగుచున్నది.

దీనికితోడు 2004 డిసెంబరు 26 నాటి భూకంపమున దక్షిణ అండమాను నేల కుంగి, పల్లపు పొలములలోనికి ఉప్పునీరు ప్రవేశించిన పిమ్మట, గారచర్మయందలి కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ, వెడల్పాటి ఎత్తు మడులును వాటి నడుమ నీటికాలువలును గల పద్ధతిని ప్రోత్సహించినది. ఎత్తు మడిలో మన్ను గుల్లగా నుండును. ఒంటి ఊతకర్ర గాలివానకు ఒరగును. కాళ్లు మూడు నాలుగు కలిసి ఒకదానినొకటి పట్టుకొన్న గూడు మాత్రమే నిలుచును.

ఊతల విద్య తెలుగువారికి క్రొత్త కాదు. తమలపాకు తోటలలో తీగకు అవిసె చెట్టే ప్రాణమున్న గుంజ. బీర, కాకర, దొండలకు రాతికూసములపై తీగలు లాగిన శాశ్వతపు పందిళ్లు. మదనపల్లి టమాటా తోటలలో కర్రలు, వాటిని కలుపు తీగలు. ఉత్తరాంధ్రమునుండి వలసపోయి దక్షిణ అండమానున స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇవన్నియు ఎరుకయే. కాని ఇనుప వల చుట్టిన గూళ్లను నేను ద్వీపమునకు సిఫారసు చేయజాలను; జింకు పూత పూసినను ఉప్పుగాలి దానిని తుదకు తినివేయును. అచ్చట వెదురు తడికయే మేలు.

మూడేండ్లకు తక్కువ కాని ముదురు వెదురును నరికి, అందలి పిండిపదార్థము కరగిపోవునట్లు రెండు మూడు వారములు నీటిలో నానవేసి, నీడన ఆరబెట్టినయెడల పుప్పిపురుగు దానిని అంతగా ఆశింపదు. పిమ్మట బొటనవ్రేలి వెడల్పు బద్దలుగా చీల్చి, చేయి దూరి కాయ కోయుటకు వీలుగా జానెడు ఎడముతో అడ్డబద్దలు పేర్చి, ఛాతీయెత్తు తడికలు మూడింటిని కట్టవలెను. నిలువు బద్దల క్రింది కొనలు మూరెడు పొడవున వదలి, మొనలు చెక్కి, చెదలకు తారు పూయవలెను. తడికలోపలి కట్లు ఎన్నటికిని ఊడనివి. మూడు తడికలను త్రికోణముగా కలుపు మూలల కట్లు మాత్రము కొబ్బరిపీచు తాటితో వేసిన జారుముళ్లై, ఒక్క లాగుతో వీడవలెను. గూటి ప్రయోజనమంతయు ఈ రెండవ ముడియందే కలదు. అది బిగిసిపోయినచో పంట ముగియగనే కొడవలి పడును, ఊత వంటచెరకగును.

గూటిని టమాటా నారు నాటిన దినముననే దింపవలెను; జాగు చేసినచో మొనలు వేళ్లను తెంపును. కాండమును అరటినారతో, లావెక్కుటకు చోటు విడిచి, వదులుగా కట్టిన చాలును. నేలకు జానెడెత్తు వరకు ఆకులు తీసివేసిన వానచినుకులకు మట్టి ఆకులపై చిందదు.

కోత ముగిసిన పిదప చేయవలసినదానిని జనులు ఉపేక్షింతురు. అండమాను టమాటాకు పెనుశత్రువైన బాక్టీరియా వడలు తెగులు మట్టిలోనే బ్రతుకునది. వడలిన మొక్కనుండి పెరికిన గూటిని మట్టితోనే మరియొక మడిలో గ్రుచ్చుట రోగమును మోసికొనిపోవుటయే. మూలల ముళ్లు విప్పి, తడికల కాళ్లు కడిగి, బ్లీచింగు నీటిలో ముంచి, ఎండబెట్టి, చూరు క్రింద నేలకు తగులకుండ బల్లపరుపుగా పేర్చవలెను. టమాటా తీసిన చోట వంగ, మిరప పెట్టక, చిక్కుడునో కాకరనో ఎక్కించినచో అదే గూడు దానికిని పనికివచ్చును.

డిసెంబరున వానలు వెనుదీసిన పిమ్మట టమాటా నారు నాటదలచిన పెరటివారు, నారుకంటె ముందుగా వెదురును నానవేయుదురు గాక యని మనవి.