వెయ్యిమంది వినేవాళ్ళు

సామాజిక మాధ్యమాల్లో జనాన్ని పోగుచేసుకోవడం ఎలా అన్న విషయం మీద వస్తున్నన్ని సలహాలు ఈ రోజుల్లో పంటల మీద, పొదుపు మీద కూడా రావడం లేదు. రోజూ ఏదో ఒకటి పెట్టండి, మొదటి మూడు సెకన్లలోనే చూసేవాణ్ణి పట్టుకోండి, అరనిమిషం దాటనివ్వకండి, ఏ పాట, ఏ మాట అంతటా మోగుతోందో దాన్నే మీరూ అందుకోండి, అందరికీ అర్థమయ్యే భాషలో మాట్లాడండి. తమిళంలో చెప్పినా, తెలుగులో చెప్పినా సూత్రాలు ఇవే. మన కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు కథలు చెప్పాలని, పాటలు పాడాలని ఉబలాటపడే యువతీయువకులు వీటిని వేదవాక్కులుగా తీసుకుంటున్నారు. ఇవి సాహిత్యం కాకపోవచ్చు. కాని ఏం చెప్పాలో, ఏ భాషలో చెప్పాలో నిర్దేశిస్తున్నాయి కనుక సాహిత్య విమర్శ వీటిని పట్టించుకోక తప్పదు.

ముందుగా వీటిలో ఉన్న నిజాన్ని ఒప్పుకోవాలి. వేళ తప్పకుండా రావాలన్నది చిన్న పత్రిక నడిపినవాళ్ళందరికీ తెలిసిన సంగతే. ఒకటో తేదీన రావలసిన సంచిక ఇరవయ్యో తేదీన వస్తే మరుసటేడు చందా రాదు. శీర్షిక, బొమ్మ ఆకట్టుకోవాలన్నదీ సమంజసమే. అగ్గిపెట్టె మీది బొమ్మను చూసి సరుకును గుర్తుపట్టడం నేర్పిన ప్రాంతం మనది. ఆ పాఠం మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు.

పేచీ అంతా మిగిలిన సూత్రాలతోనే. నేను వాణిజ్యశాస్త్రం చదువుకున్నవాణ్ణి, బ్యాంకు ఉద్యోగిని. కాబట్టి వీటిని ముందు లెక్కగానే చూస్తాను. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయంలో వాటా కావాలంటే 2018 నుంచి ఒక నిబంధన ఉంది: వెయ్యిమంది చందాదారులు ఉండాలి, పన్నెండు నెలల్లో జనం చూసిన సమయం 4,000 గంటలు కావాలి. వినగానే గుండె జారే అంకె. విడదీసి చూడండి. ఆరు నిమిషాల కథ ఒకటి వెయ్యిమంది చివరిదాకా వింటే 6,000 నిమిషాలు, అంటే వంద గంటలు. అలాంటివి నలభై కథలైతే 4,000 గంటలు పూర్తి. ఏడాదికి నలభై అంటే వారానికి ఒకటి కూడా కాదు. చందాదారులైన ఆ వెయ్యిమందే చివరిదాకా వినేవాళ్ళైతే చాలు.

ఇక అరనిమిషం ముక్కల దారి చూద్దాం. టిక్‌టాక్‌ను మన దేశంలో 2020 జూన్‌లో నిషేధించాక రీల్స్, షార్ట్స్ ఆ ఖాళీలోకి వచ్చాయి. షార్ట్స్ వరుసలో జనం గడిపిన సమయాన్ని పై 4,000 గంటల్లో కలపరు. ఆ దారిన వెళ్ళేవాళ్ళకు కొలత వేరు: 90 రోజుల్లో కోటి చూపులు. రోజుకు లక్షా పదకొండు వేల పైచిలుకు! ఒకవైపు నమ్మకంగా వచ్చే వెయ్యిమంది; మరొకవైపు ఆగకుండా దాటిపోయే కోటిమంది. విరుదునగర్ మండీలో అడిగితే ఏ వ్యాపారి అయినా ఏది నిలకడైన బేరమో చెప్పగలడు. ధర అడిగి వెళ్ళిపోయేవాళ్ళను అక్కడ ఎవరూ ఖాతాదారులుగా రాసుకోరు. సలహాదారులు మాత్రం రెండో దారినే రాజమార్గంగా చూపిస్తున్నారు. ఎందుకంటే అంకె పెద్దది.

పెద్ద అంకెను కలగన్నవాడు మన పక్క ఊళ్ళోనే పుట్టాడు. ఎట్టయాపురం సుబ్రహ్మణ్య భారతి 1920లో, కడయంలో ఉండగా, తన రచనలన్నిటినీ 40 పుస్తకాలుగా, ఒక్కొక్కటి 10,000 ప్రతుల చొప్పున అచ్చువేయాలని సంకల్పించి, పెట్టుబడికి అప్పు ఇమ్మని మిత్రులకు లేఖలు పంపాడు. మొత్తం నాలుగు లక్షల ప్రతులు. కిరసనాయిలు, అగ్గిపెట్టెలు అమ్ముడైనట్టుగా తన పుస్తకాలు ఇంటింటికీ అమ్ముడవుతాయని ఆయన నమ్మకం. అప్పు కోరే అర్జీలు చదవడం నా వృత్తి. ఆ లేఖను అర్జీగా తీసుకుంటే తిరస్కరించక తప్పదు: హామీ లేదు, గిరాకీకి ఆధారం లేదు. పథకం సాగలేదు. 1921 సెప్టెంబరులో ఆయనే పోయాడు. అయినా 1949లో మద్రాసు ప్రభుత్వం ఆ రచనల హక్కులను స్వాధీనం చేసుకుని, తర్వాత ప్రజలపరం చేయవలసినంతగా జనాదరణ పెరిగింది. ఈ ఆదరణ ఏ దారిన వచ్చిందన్నదే మనకు ముఖ్యం. స్వాతంత్ర్యోద్యమ సభల్లో పాడారు. 1947లో వచ్చిన ‘నామ్ ఇరువర్’ సినిమాలో పాడించారు. పుస్తకం కొనని వాళ్ళకు, చదువు రాని వాళ్ళకు కూడా ఆయన చెవి ద్వారానే చేరాడు.

రెండో ఉదాహరణ ఇంకా దగ్గరిది. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటిభాష తెలుగు. మొదటి కథ ‘మాయమాన్’ 1958లో అచ్చయింది, తమిళంలో. ‘గోపల్ల గ్రామం’ 1976లో వచ్చింది. ఆంధ్రదేశం నుంచి పారిపోయి వచ్చి ఈ నల్లరేగడిలో ఊరు కట్టుకున్న కుటుంబాల కథ అది. చెన్నాదేవి కథను అందులో ఒక పండు ముసలామె చెబుతుంది. దాని తరువాయి ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

నేటి సలహాదారుడు ఎవరైనా 1958లో ఆయనకు ఏం చెప్పి ఉండేవాడు? పల్లె యాస వదలండి, మద్రాసు వారపత్రికల భాష పట్టుకోండి, పేరాలు చిన్నవి చేయండి అని చెప్పి ఉండేవాడు. ఆయన సరిగ్గా దానికి ఎదురు నడిచాడు. కరిసల్ పల్లెల మాటలను వదలకపోగా, వాటికి ఒక నిఘంటువే కూర్చాడు. ఆ యాసతోనే లక్షల ప్రతులు అమ్ముడయ్యే పత్రికల్లోకి వెళ్ళాడు. ‘జూనియర్ వికటన్’లో ఆయన రాసిన ‘కరిసల్ కాట్టు కడుదాసి’ చదివినవాళ్ళలో ఈ నేల మీద అడుగుపెట్టనివాళ్ళే ఎక్కువమంది ఉండాలి. ‘కడుదాసి’ అంటే ఉత్తరమే. పాఠకుడికి ఉత్తరం రాస్తున్నట్టు రాశాడు. నిజంగానూ ఉత్తరాలు రాశాడు, రాయించుకున్నాడు. అదే ఊళ్ళో అదే ఏడు పుట్టిన కు. అళగిరిసామితో ఆయన స్నేహం ఉత్తరాల రూపంలో పుస్తకమై నిలిచింది. అందుకున్న ఉత్తరానికి జవాబు రాయడం కంటే గట్టి సూత్రాన్ని ఏ సలహాదారుడూ ఇంతవరకు కనిపెట్టలేదు.

అయితే ఆయన తెలుగులో ఎందుకు రాయలేదని నిష్ఠూరమాడేవాళ్ళు మనలో ఉన్నారు. ఈ నిందను నేను ఒప్పుకోను. తెలుగులో రాస్తే ఇడైసేవల్‌లో చదివేదెవరు? 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పుకున్నవారు 42 లక్షల పైచిలుకు. కాని మన వైపు పల్లెల్లో ఎన్నో తరాలుగా తెలుగు నాలుక మీదే ఉంది, పలక మీద లేదు. ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి చేసిన 2006 నాటి చట్టానికి ముందే ఇదీ పరిస్థితి. తెలుగు మాట్లాడే మన పిల్లలు తెలుగు మాటను కూడా సెల్‌ఫోనులో తమిళ లిపిలోనే కొట్టి పంపుకుంటున్నారు. అంటే కి.రా. ముందు ఉన్నది భాషాభిమానం సమస్య కాదు, లిపి సమస్య. తెలుగింటి కథకుడు తమిళ అక్షరానికి వెళ్ళాడు. తమిళానికి లాభం; మనకు ఏం మిగిలిందో ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

ఇప్పుడు సెల్‌ఫోను వచ్చి ఆ అడ్డు తొలగించింది. అక్షరం రాని అవ్వ కథ చెప్పవచ్చు, అక్షరం రాని మనవడు వినవచ్చు. మన తెలుగుకు ఇంత అనుకూలమైన సాధనం మునుపు లేదు. సరిగ్గా ఈ సమయంలోనే, అందరికీ అర్థమయ్యే భాషలో మాట్లాడండి అన్న సలహా వచ్చి పడింది. ‘అందరూ’ అంటే ఎవరు? దేశంలో తెలుగువాళ్ళు ఎనిమిది కోట్ల పైచిలుకు కనుక హైదరాబాదు టీవీ తెలుగు మాట్లాడమని ఒకరు, లేదా హాయిగా తమిళంలోకి మారిపొమ్మని ఇంకొకరు. రెండింటిలో ఏది విన్నా పోయేది మనింటి మాటే. ఆ టీవీ తెలుగును హైదరాబాదువాళ్ళు మనకంటే బాగా మాట్లాడతారు. తమిళాన్ని మదురైవాళ్ళు మనకంటే బాగా మాట్లాడతారు. విరుదునగర్ నూనె పరోటా అంగడి పెట్టినవాడు ఎక్కువమంది తింటారని ఇడ్లీ అమ్మితే, అంత దూరం వచ్చి తినేదెవరు?

విమర్శించి ఊరుకోవడం న్యాయం కాదు కనుక, మనవాళ్ళకు నిజంగా పనికివచ్చేవి నాలుగు మాటలు చెప్పాలి. శీర్షికను తెలుగు లిపిలోనూ తమిళ లిపిలోనూ రాయండి. మన జనం వెతికేది తమిళ అక్షరాలతోనే. తెలుగు లిపిలో మాత్రమే పేరు పెట్టిన కథ వాళ్ళ వెతుకులాటకు దొరకడం కష్టం. ఊరి పేరు శీర్షికలో పెట్టండి; సొంత ఊరి పేరు కనబడితే పుణెలో, తిరుప్పూరులో పనిచేసే మనవాడు ఆగుతాడు. మాట మాత్రం ఇంట్లో మాట్లాడే మాటే ఉండనివ్వండి, తమిళ మాటలు కలిసినా సరే. కలవకపోతేనే అది మనది కాదు.

వాట్సాప్‌ను చిన్నచూపు చూడకండి. 2018 నుంచి మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయనివ్వడం లేదు. 2022 నుంచి ఒక గుంపులో 1,024 మంది దాకా ఉండవచ్చు. మన ఊళ్ళ గుంపులు, బంధువుల గుంపులు ఎలాగూ ఉన్నాయి. పైన లెక్కగట్టిన వెయ్యిమంది అక్కడ ఉన్నారు. కథకుణ్ణి ఎవరికి చూపాలో అక్కడ యంత్రం తేల్చదు, మేనత్త తేలుస్తుంది. లోపం కూడా ఉంది: చేతులు మారాక ఎంతమంది విన్నారో లెక్క తెలియదు. కాబట్టి జవాబు అడగాలి. “మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?” అని ఒక్క మాట అడిగితే చాలు, ఒక్కో ఊరి నుంచి ఒక్కో పేరు వస్తుంది. వాటిని రాసిపెట్టుకుంటే కి.రా. చేసిన నిఘంటువు పని తెలుగుకూ మొదలవుతుంది.

ఎన్ని గంటలకు పెట్టాలన్న చర్చ ఒకటి. రాత్రి ఏడు నుంచి తొమ్మిది మంచి వేళ అంటారు. పట్నాల సంగతేమో గాని, మన వైపు ఆ వేళ ఆడవాళ్ళు పొయ్యి దగ్గర ఉంటారు. అగ్గిపుల్లలను ఇంకా చేత్తో చట్రాల్లో పేర్చేచోట చేతికీ కంటికీ తీరిక ఉండదు; చెవికి మాత్రం పగలంతా తీరికే. బొమ్మ లేకుండా వట్టి గొంతుతో చెప్పిన కథ అక్కడికి వెళ్తుంది. మూడు సెకన్లలో పట్టుకోవలసిన అవసరం కూడా ఉండదు, ఎందుకంటే చేతిలో చట్రం ఉన్నవాళ్ళు ఫోను తీసి కథ మార్చరు.