ఒకటిన్నర డిగ్రీ అంటే ఎంత?

రెంటచింతలలో మే నెల ఎండ 45 దాటినా పెద్ద వింత కాదు. అక్కడి పాఠకుడికి ‘భూతాపం 1.5 డిగ్రీలు మించకూడదు’ అని శీర్షిక పెడితే, ‘ఓస్, అంతేనా’ అనే అనిపిస్తుంది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీల తేడా ఒంటితో చూసే మనిషాయె. ఆ ఒకటిన్నర భూగోళమంతటికీ తీసిన సగటనీ, 1850–1900 నాటి సగటు మీద పెరుగుదలనీ శీర్షికలో ఎక్కడుంది?

వాతావరణ వార్తలు దిద్దే పనిలో నాకు సగం పొద్దు ఇలాంటి అంకెలను విప్పి చెప్పడానికే పోతుంది. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నివేదికలో ఇదే లెక్క ఇంకో రూపంలో ఉంది: ఆ పాతకాలంలో పదేళ్లకోసారి వచ్చే విపరీతమైన ఎండ, ఒకటిన్నర డిగ్రీ పెరిగితే పదేళ్లలో నాలుగుసార్లు వస్తుంది, రెండు డిగ్రీలైతే ఐదారుసార్లు. దశాంశం కనబడగానే పేజీ తిప్పేసేవాళ్లు కూడా ‘నాలుగుసార్లు’ దగ్గర ఆగుతారు. ఎన్ని రోజుల కూలి పోతుందో వాళ్లే లెక్కేసుకుంటారు.

పోనీ, అంకెలు మానేసి మాటలతో సరిపెడదామా అంటే అదీ కుదరదు. ఐపీసీసీ ‘చాలా ఎక్కువ అవకాశం’ అందంటే 90 శాతం పైమాటే. డేవిడ్ బుడెస్కు బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో మామూలు జనం దాన్ని అంతకంటే బాగా తక్కువగా తీసుకున్నారు. మాట పక్కనే అంకె వేస్తే ఆ తేడా తగ్గింది.

లెక్కలొచ్చినవాళ్లంతా ఒక్క మాట మీదికి వస్తారనుకోవడమూ భ్రమే. అమెరికాలో డాన్ కాహన్ బృందం 2012లో తేల్చింది వేరు: లెక్కలూ సైన్సూ బాగా తెలిసినవాళ్లలోనే వాతావరణ మార్పు మీద చీలిక ఎక్కువ. తమ వర్గం నమ్మకానికి అంకెను ఒప్పించే నేర్పు వాళ్లకే ఉంటుందని ఆయన వివరణ.

అందుకే అంకెతో ఎవరినీ గెలవాలని చూడను, పనికొచ్చేలా రాయాలని చూస్తాను. వాతావరణ శాఖ లెక్కలో రోజుకు 115.6 నుంచి 204.4 మిల్లీమీటర్లు పడితే ‘అతి భారీ వర్షం’. 200 మిల్లీమీటర్లంటే ఎకరం నేల మీద ఎనిమిది లక్షల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 160. మాట, అంకె, ట్యాంకర్లు మూడూ వేస్తే వార్త ఒక లైను పెరుగుతుంది. వాగు గట్టున ఇల్లున్నవాళ్లు బియ్యం బస్తాలు అటకెక్కించాలో వద్దో తేల్చుకునేది ఆ లైను చూసే.