దేవుడికి పేర్లు పెట్టిన మనుషులు

అమ్మ దగ్గర రెండొందల పేజీల రూళ్ల నోటుపుస్తకం ఒకటుంది. అట్ట మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ‘దేవుని నామములు’ అని రాసుకుంది. చర్చిలో స్త్రీల కూడికవాళ్లు నలభై రోజుల ధ్యానం పెట్టినప్పుడు మొదలుపెట్టిన పుస్తకం. రోజుకో పేరు. ఎడమ పేజీలో హీబ్రూ మాట తెలుగు అక్షరాల్లో, కింద దాని అర్థం, ఆ కింద వాక్యం నంబరు. కుడి పేజీ ఖాళీ. అక్కడ ఎవరి ప్రార్థన వాళ్లు రాసుకోవాలి. యెహోవా యీరే అంటే సమకూర్చేవాడు. యెహోవా నిస్సీ అంటే ధ్వజం. యెహోవా రాఫా అంటే స్వస్థపరిచేవాడు.

ఆ నలభై రోజుల్లోనే నాన్నకి జబ్బు ముదిరింది. రాఫా పేజీకి ఎదురుగా అమ్మ ఒక్క వాక్యం రాసి తేదీ వేసింది. మర్నాడు దాని కిందే ఇంకో తేదీ. అలా పదిహేడు తేదీలున్నాయి. పద్దెనిమిదోది లేదు.

నాలుగేళ్ల తర్వాత, ఈ మధ్య ఇంటికెళ్లినప్పుడు, ఆ నోటుపుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా చదివాను. కూతురిగా కాదు, పుస్తకాలు చదివే మనిషిగా. అప్పుడు నాకొచ్చిన కోపం దేవుడి మీద కాదు, ఆ పుస్తకం అమరిక మీద.

ఈ జాతి పుస్తకాలకి కొదవేం లేదు. ఇంగ్లీషులో నేథన్ స్టోన్ ‘నేమ్స్ ఆఫ్ గాడ్’ 1944 నాటిది. ఆన్ స్పాంగ్లర్ ‘ప్రేయింగ్ ద నేమ్స్ ఆఫ్ గాడ్’ 2004లో వచ్చింది. వాటిలో కథలూ ఉంటాయి, వివరణలూ ఉంటాయి. కానీ చేతులు మారే కొద్దీ కథ రాలిపోయి జాబితా మిగులుతుంది. పుస్తకం నుంచి ప్రసంగానికి, ప్రసంగం నుంచి కరపత్రానికి, అక్కడినుంచి గోడ క్యాలెండరుకి, ఆటో వెనక స్టిక్కరుకి వచ్చేసరికి ఆ పేర్లు మందుల షాపు అరల్లాగా తయారవుతాయి. అప్పులుంటే యీరే, జ్వరానికి రాఫా, కోర్టు కేసుకి నిస్సీ. ఏ అవసరానికి ఏ పేరో తెలిస్తే చాలు.

పేర్లు తలచుకోవడం తప్పని నేననను. పక్కింట్లో విష్ణు సహస్రనామం, వీధి చివర మసీదు గోడ మీద తొంభైతొమ్మిది పేర్లు చూస్తూ పెరిగినవాళ్లం. (ఆ సహస్రనామం కూడా అంపశయ్య మీదున్న భీష్ముడు చెప్పింది. దాన్ని కూడా మనం క్యాసెట్టు చేసి ఆ శయ్యని మర్చిపోయాం.) నా పేచీ అంతా బైబిల్ విషయంలో ఏం పోగొట్టుకున్నామన్నదాని గురించే.

జాబితా పక్కన పెట్టి ఆ పేర్లున్న అధ్యాయాలు వరసగా చదివితే మొదట ఆశ్చర్యపరిచేది ఒకటుంది. వాటిలో చాలావరకు దేవుడి పేర్లే కావు! యెహోవా యీరే ఒక చోటి పేరు. కొడుకుని బలివ్వబోయి ఆగిన తర్వాత అబ్రాహాము ఆ చోటికి పెట్టిన పేరు. యెహోవా నిస్సీ ఒక బలిపీఠం పేరు. అమాలేకీయులతో యుద్ధమయ్యాక మోషే కట్టింది. యెహోవా షాలోము ఇంకో బలిపీఠం. మిద్యానీయులకి భయపడి ద్రాక్ష గానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుకుంటున్న గిద్యోను కట్టింది. యెహోవా షమ్మా అయితే ఏకంగా ఒక ఊరి పేరు, యెహెజ్కేలు గ్రంథం చిట్టచివరి వచనంలో వస్తుంది. ఆ ప్రవక్త దాన్ని చెప్పేది బబులోను చెరలో, తన ఊరు నేలమట్టమయ్యాక.

ఇవి దేవుడి గుణాల పట్టిక కాదు. ‘ఇక్కడ నాకిది జరిగింది’ అని మనుషులు పాతిన రాళ్లు. చోటునీ మనిషినీ తీసేసి పేరొక్కటే జేబులో వేసుకోవడమంటే, ఊరి పొలిమేర రాయిని పీకి ఇంటికి తెచ్చుకోవడమే. రాయి ఉంటుంది. అది ఏ పొలిమేరో తెలియదు.

తెలుగు బైబిల్ అనువాదకులు కూడా ఈ పేర్ల దగ్గర ఊగిసలాడారు. యీరేని, నిస్సీని హీబ్రూలోనే ఉంచేశారు. గిద్యోను బలిపీఠం పేరుని మాత్రం సమాధానకర్త అని తెలుగు చేశారు. షమ్మాని కూడా తెలుగు చేశారు. మన దగ్గర యీరే, నిస్సీలకి ఉన్నంత గిరాకీ మిగతావాటికి లేకపోవడానికి ఇదో కారణమని నా అనుమానం. అర్థం కాని మాటకి మహిమ ఎక్కువ. దేవుడి పేరుని సరిగ్గా పలక్కపోతే ప్రార్థన చేరదని వాదించేవాళ్లని విన్నప్పుడల్లా, మంత్రం తప్పుగా చదివితే ఫలించదన్న మన పాత భయమే గుర్తొస్తుంది.

ఉచ్చారణ మాటొచ్చింది కాబట్టి చెప్పాలి. హీబ్రూ బైబిల్లో దేవుడి పేరు నాలుగు హల్లులు. దాదాపు 6,800 సార్లు వస్తుంది. యూదులు ఆ పేరు పలకడం ఎప్పుడో మానేసి, అది వచ్చినచోటల్లా అదోనాయ్, అంటే ప్రభువు, అని చదివారు. అలా చదవమని గుర్తు చేయడానికి లేఖకులు ఆ హల్లులకి అదోనాయ్ అచ్చుల్ని తగిలించారు. రెండూ కలిపి ఉన్నదున్నట్టు చదివితే వచ్చిందే యెహోవా. పండితుల్లో ఎక్కువమంది అసలు ఉచ్చారణ యాహ్వే అయ్యుంటుందంటారు. ఇంగ్లీషు బైబిళ్లు చాలావరకు లార్డ్ అని పెద్దక్షరాల్లో వేసి ఊరుకున్నాయి. తెలుగులో పెద్దక్షరాలు లేవు. పాత నిబంధన పొడుగునా యెహోవా అనే ఉంది. అంటే ఇంగ్లీషు పాఠకుడికి బిరుదు కనిపించిన ప్రతిచోటా మా అమ్మకి ఒక పేరు కనిపించింది. ఉచ్చారణ తప్పే కావచ్చు, పేరు పేరే కదా. ఈ విషయంలో నేను పాత తెలుగు బైబిల్ పక్షం.

కానీ అదే బైబిల్ నిర్గమకాండం మూడో అధ్యాయంలో నన్ను నిరాశపరిచింది. పొద దగ్గర మోషే పేరడుగుతాడు. జవాబులో వచ్చే హీబ్రూ మాట ఎహ్యే. అది ‘ఉండు’ అనే క్రియ. వర్తమానమనీ చెప్పొచ్చు, భవిష్యత్తనీ చెప్పొచ్చు. మన అనువాదంలో అది ‘ఉన్నవాడను’ అయింది. గంభీరంగానే ఉంది, కానీ మా ఇళ్లలో ఉన్నవాడంటే డబ్బున్నవాడు. ఉన్నవాళ్లు, లేనివాళ్లు అనే లెక్కలో దేవుడు అటుపక్కకి వెళ్లిపోతాడు. ఇటుకలు చేసే బానిసల కోసం వచ్చినవాడికి అదేం పేరు? నిజానికి తెలుగులో ఆ హీబ్రూ మాటకి అచ్చంగా సరిపోయే రూపం చేతిలోనే ఉంది. ‘ఉంటాను.’ నేను హైదరాబాదులో ఉంటాను అంటే ఇప్పుడు. రేపు నీ దగ్గరే ఉంటాను అంటే రాబోయేది. రెంటికీ ఒకే మాట. పైగా రెండు వచనాల ముందే, నేనెంతటివాణ్ణని మోషే భయపడ్డప్పుడు, నీకు తోడుగా ఉంటానని దేవుడు చెప్పింది ఇదే ఎహ్యేతో. పేరు ఆ మాటలోంచే పుట్టింది. తత్వశాస్త్రంలోని ఉనికి కాదది, ఆస్పత్రి వరండాలో ఎవరో మనతో అనే ‘నేనుంటాలే’.

యీరే సంగతీ అంతే. జాబితాలో దాని అర్థం ‘సమకూర్చేవాడు’. హీబ్రూలో ఆ క్రియకి మూలార్థం చూడటం. చూడటం నుంచి సమకూర్చడం ఎలా వచ్చిందో ఇంగ్లీషువాళ్లకి వివరించాలి. మనకక్కర్లేదు. ‘దేవుడే చూసుకుంటాడు’ అనని ఇల్లు లేదు. మోరీయా కొండెక్కుతూ గొర్రెపిల్లేదని ఇస్సాకు అడిగితే తండ్రి చెప్పిన జవాబు, తెలుగులో మనం రోజూ అనే ఆ మాటే. అది ధీమాగా అన్నాడో, నోరు పెగలక అన్నాడో చెప్పలేం. మనం కూడా రెండు రకాలుగానూ అంటాం.

జాబితాలన్నిటిలో నిజంగా దేవుడికే ముఖాముఖి పెట్టిన పేరు ఒకటుంది. ఎల్ రోయి, చూసే దేవుడు. పెట్టింది అబ్రాహామూ కాదు, మోషే కాదు. ఐగుప్తు దేశపు దాసి హాగరు. గర్భంతో ఉండి, యజమానురాలు పెట్టే బాధ పడలేక అడవిలోకి పారిపోయి, ఒక నీటిఊట దగ్గర కూర్చున్నప్పుడు పెట్టింది. ఆ అధ్యాయంలో అబ్రాము గాని శారయి గాని ఒక్కసారి కూడా ఆమెని పేరు పెట్టి పిలవరు. నా దాసి, నీ దాసి, అంతే. మొదట పేరు పలికేది దేవదూత. ఫిలిస్ ట్రిబుల్ 1984లో ‘టెక్స్‌ట్స్ ఆఫ్ టెర్రర్’లో దీన్ని పట్టి చూపించేదాకా నేను గమనించలేదు. తనని పేరుతో పిలిచినవాడికి ఆమె తిరిగి పేరు పెట్టింది.

మా అమ్మమ్మ పల్నాడులో మిరప కోతలకి వెళ్లేది. పొలంలో ఆమెకి ‘ఒసే’ తప్ప పేరు లేదు. బాప్తిస్మంతో వచ్చిన పేరుని చర్చిలో తప్ప ఎవరూ పలికేవారు కాదట. ఆ పేరు కోసమే ఆదివారం మానేదాన్ని కాదని నవ్వుతూ చెప్పేది. దేవుడి నామాల మీద ఇన్ని పుస్తకాలున్నాయి గానీ, దేవుడి నోట మన పేరు వినడం గురించి వాటిలో నాకు కనిపించింది తక్కువ. దళిత క్రైస్తవుల ఇళ్లలో అది చిన్న సంగతి కాదు.

అయితే హాగరు కథని తియ్యగా ముగించడానికి వీల్లేదు. ఆ చూసే దేవుడే ఆమెని తిరిగి ఆ యజమానురాలి దగ్గరికే వెళ్లి అణిగి ఉండమన్నాడు. డెలోరెస్ విలియమ్స్ 1993లో ‘సిస్టర్స్ ఇన్ ద వైల్డర్‌నెస్’లో నల్లజాతి స్త్రీల బానిసత్వపు అనుభవంలోంచి దీన్ని చదువుతూ, ఇక్కడ దేవుడిచ్చింది విడుదల కాదు, బతికి బట్టకట్టడానికి దారి అంటుంది. అమ్మ నోటుపుస్తకంలో ఎల్ రోయి పక్కన ‘నా కన్నీళ్లు చూచువాడు’ అని మాత్రమే ఉంది. తిరిగి పంపిన సంగతి లేదు.

ఇక రాఫా. ఆ మాట వచ్చేది మూడు రోజులు నీళ్లు దొరక్క, దొరికిన నీళ్లు చేదై, జనం సణుగుతున్నప్పుడు. ఆ చోటి పేరు మారా, చేదు. అక్కడ బాగుపడింది ఒక మనిషి రోగం కాదు, నీళ్లు. ఐగుప్తు మీదికొచ్చిన తెగుళ్లు మీకు రావన్న మాట కూడా ఒక జనానికి, ఒక షరతుతో చెప్పింది. దాన్ని కోసి తెచ్చి పదిహేడు రోజుల పాటు ఒక్క మంచం పక్కన పెట్టించారు. పెట్టినవాళ్లకి చెడ్డ ఉద్దేశం లేదు, నాకు తెలుసు. కానీ ఆ తర్వాత అమ్మ తన విశ్వాసంలోనే ఏదో లోపముందని రెండేళ్లు నమ్మింది. ఒక పేరుని తప్పుగా చదివితే అంత ఖరీదుంటుంది.

అదే చేదు మాట బైబిల్లో ఇంకో చోట వస్తుంది. రూతు గ్రంథం మొదటి అధ్యాయం. భర్తా ఇద్దరు కొడుకులూ పోయి ఊరికి తిరిగొచ్చిన నయోమి, నన్ను మారా అని పిలవండి అంటుంది. తనకి చేదు తినిపించిందెవరో కూడా పేరు పెట్టి చెబుతుంది. షద్దాయ్. జాబితాల్లో ఎల్ షద్దాయ్ అంటే సర్వశక్తిగల దేవుడు, అబ్రాహాముతో నిబంధన, ఆశీర్వాదం. హీబ్రూ బైబిల్లో షద్దాయ్ అన్న మాట 48 సార్లొస్తే అందులో 31 యోబు గ్రంథంలోనే ఉన్నాయి. యోబూ, యోబుతో తగువుపడే స్నేహితులూ వాడే పేరది. దాన్ని నోట పట్టుకుని నిలదీసినవాళ్లున్నారు. తెలుగులో పేర్లు పెట్టడమంటే వంకలు పెట్టడం కూడా కదా. నయోమి రెండు విధాలా పెట్టింది. ఆమెని ఎవరూ గద్దించలేదు, ఆ మాటల్ని గ్రంథంలోంచి ఎవరూ కొట్టేయలేదు.

మొన్న సెలవుల్లో ఆ అధ్యాయం అమ్మకి చదివి వినిపించాను. నయోమి కథ తనకి తెలియకేం, ఎన్నిసార్లు విందో. కూడికల్లో ఎప్పుడూ రూతు మంచితనం మీదే చెబుతారంది. చారు పోపు పెట్టడం అయ్యాక చేతులు తుడుచుకుంటూ వచ్చి, “వచనం ఎన్నోది?” అనడిగింది. ఇరవై, ఇరవై ఒకటి అన్నాను. నోటుపుస్తకంలో ఎల్ షద్దాయ్ పేజీ తీసి, ఆదికాండం నంబరు కింద ఆ రెండూ రాసుకుంది. కుడి పేజీ వైపు కాసేపు చూసి, పెన్ను మూతపెట్టేసింది.

రాఫా పేజీ గురించి నేనడగలేదు.